డెస్క్‌టాప్ నిండా తెల్ల కాగితాలు: ఒక మేష్టారి ఉత్తరానికి జవాబు

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. మాది తణుకు. ఇంట్లో కంప్యూటరు బాగా నెమ్మదించిందని మెకానిక్కుకు ఇస్తే కొత్త ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్కు) బిగించి, అందులో విండోస్ 10 ఎక్కించి, పాత హార్డ్ డిస్కును కూడా లోపలే ఉంచాడు. "మీ డెస్క్‌టాప్ పాతది ఎలా ఉందో అలాగే తెచ్చి పెట్టానండీ" అన్నాడు. బొమ్మలన్నీ ఉన్నాయి గానీ సగం తెల్ల కాగితాల్లా కనిపిస్తున్నాయి. నొక్కితే ఇంగ్లీషులో ఏదో చెప్పి, డిలీట్ చేయనా అని అడుగుతోంది. కంగారులో రెండింటికి 'ఎస్' కొట్టేశాను. అందులో ఒకటి మనవరాలి ఫోటోలది. పక్కింటి కుర్రాడు చూసి ఇది వైరస్ తాతగారూ, మొత్తం ఫార్మాట్ కొట్టించండి అన్నాడు. ఈలోగా పెన్షన్ కాగితాల ఫైలు పెన్ డ్రైవులో వేసుకుని జిరాక్సు షాపుకు వెళితే అందులో ఏమీ లేదన్నారు. ఇంటికొచ్చి చూస్తే పెన్ డ్రైవులో ముందు నుంచీ ఉన్న ఫోల్డర్లకు కూడా బాణం గుర్తులు వచ్చాయి. ఫోటోలు పోయినట్టేనా? ఫార్మాట్ చేయించమంటారా?

జవాబు:

నమస్కారం మేష్టారూ. ముందు మీకు నిద్ర పట్టే మాట చెబుతాను. మీరు 'ఎస్' కొట్టినందువల్ల ఫోటోలు పోలేదు. పోయింది డెస్క్‌టాప్ మీది బొమ్మ ఒక్కటే. ఫోటోలు పాత హార్డ్ డిస్కులో ఎక్కడ ఉన్నవి అక్కడే ఉండాలి. వాటిని నిజంగా పోగొట్టే పని మీ ఉత్తరంలో ఒకటే కనిపించింది, అది పక్కింటి అబ్బాయి చెప్పిన ఫార్మాట్, అంటే డిస్కు మొత్తం చెరిపేయడం. పిల్లవాడు మంచికే చెప్పి ఉంటాడు. అయినా ఆ మాట వినకండి.

డెస్క్‌టాప్ మీద ఎడమవైపు కింది మూలలో చిన్న బాణం గుర్తుతో కనిపించే బొమ్మను షార్ట్‌కట్ అంటారు. విండోస్ 95 నుంచీ ఇదే పద్ధతి నడుస్తోంది. అది విడిగా ఒక చిన్న ఫైలు. అందులో ఫోటోలు ఉండవు, ప్రోగ్రామూ ఉండదు. అసలు వస్తువు ఏ డ్రైవులో, ఏ ఫోల్డరులో, ఏ పేరుతో ఉందో రాసి ఉంటుంది. పైకి ఏ బొమ్మ చూపించాలో కూడా రాసి ఉంటుంది. అంతకు మించి పెద్దగా ఏమీ ఉండదు కాబట్టే దాని సైజు సాధారణంగా ఒకటి రెండు కేబీలు. ఫోటోల ఫోల్డరు ఎన్ని జీబీలున్నా దాని షార్ట్‌కట్ అంతే ఉంటుంది. దాన్ని డిలీట్ చేస్తే ఆ చిరునామా పోతుంది, అంతే.

అయితే బాణం లేని ఫోల్డరు డెస్క్‌టాప్ మీద ఉంటే మాత్రం అది అసలుదే. దాన్ని డిలీట్ చేస్తే లోపలివన్నీ వెళ్లిపోతాయి. ఏది అసలు, ఏది షార్ట్‌కట్ అన్న అనుమానం వస్తే బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి 'ప్రాపర్టీస్' తెరవండి. ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని డబుల్ క్లిక్ చేసినా అదే తెరుచుకుంటుంది. పైన 'షార్ట్‌కట్' అనే ట్యాబ్ కనిపిస్తే అది షార్ట్‌కట్టే. ఆ ట్యాబులో 'టార్గెట్' అనే పెట్టె ఉంటుంది. అసలు చిరునామా అక్కడే ఉంటుంది. ఇకనుంచి ఏ బొమ్మ మొరాయించినా మీరు మొదట చదవాల్సింది ఆ పెట్టెలోని రెండు ముక్కలే, తెర మీద వచ్చే మెసేజీ తర్వాత.

ఇక మీ కంప్యూటరు సంగతి. ఒక్క షార్ట్‌కట్ పనిచేయకపోతే ఆ ఒక్కదాని గొడవ ఏదో ఉందనుకోవాలి. ఒకేరోజు సగం డెస్క్‌టాప్ పడకేసిందంటే కారణం ఒకటే అయి ఉంటుంది, అదీ ఆ రోజు జరిగిన పనిలోనే ఉంటుంది. ఇరవై షార్ట్‌కట్లను ఇరవైసార్లు బాగుచేయడం మొదలుపెడితే సాయంత్రమైపోతుంది గానీ అసలు తప్పు అలాగే ఉంటుంది. కాబట్టి ఇంకొక్క బొమ్మను కూడా డిలీట్ చేయకండి. విరిగిపోయిన షార్ట్‌కట్లే ఇప్పుడు మనకు ఆధారం. ఏ వస్తువు ఇదివరకు ఎక్కడుండేదో వాటిలోనే రాసి ఉంది.

మన దగ్గర అసెంబుల్ చేయించిన కంప్యూటర్లలో ఒకే హార్డ్ డిస్కును సి, డి, ఇ అని మూడు భాగాలు చేసి ఇవ్వడం చాలాకాలంగా అలవాటు. సి లో విండోస్, డి లో సొంత ఫైళ్లు, ఇ లో పాటలూ సినిమాలూ. మీదీ అలాంటిదే అనుకుంటున్నాను. కొత్త విండోస్ ఎస్‌ఎస్‌డీలో ఎక్కింది కదా, సి అనే అక్షరం అది తీసుకుంది. విండోస్ తాను నడిచే డ్రైవుకు మామూలుగా సి అనే పేరే పెట్టుకుంటుంది. దాంతో పాత సి కాస్తా డి అయింది, పాత డి ఇ అయింది, పాత ఇ ఎఫ్ అయింది. డివిడి డ్రైవు ఉంటే అదీ మధ్యలో ఒక అక్షరం తీసుకుని ఉండవచ్చు. మెకానిక్కు పాత డెస్క్‌టాప్ ఫోల్డరును కాపీ చేసి కొత్త దానిలో పెట్టాడు. షార్ట్‌కట్లన్నీ వచ్చాయి, కానీ వాటి లోపల పాత చిరునామాలే ఉన్నాయి. మునిసిపాలిటీ వాళ్లు వీధిలో డోర్ నంబర్లు మార్చేశాక పాత నంబరు పట్టుకుని వచ్చిన పోస్టుమాన్ అవస్థ ఇది. ఇల్లు కూలలేదు, ఇంట్లోవాళ్లు ఇంట్లోనే ఉన్నారు, ఉత్తరం మాత్రం వేరే గుమ్మం దగ్గరికి వెళ్లి తిరిగొస్తోంది.

మామూలు రోజుల్లో విండోస్ ఇంత అమాయకంగా ఉండదు. మీరు ఫైలు పేరు మార్చినా, అదే డిస్కులో వేరే ఫోల్డరులోకి జరిపినా చాలాసార్లు తానే వెతికి పట్టుకుని షార్ట్‌కట్టును సరిచేసుకుంటుంది. దానికోసం షార్ట్‌కట్టులో అసలు ఫైలు గుర్తింపు సంఖ్యను, అది ఉన్న కంప్యూటరు పేరును కూడా దాచుకుంటుంది. విండోస్ కొత్తగా ఎక్కిస్తే కంప్యూటరు పేరే మారిపోతుంది. అందుకే ఆ జాడ సాధారణంగా అక్కడ తెగిపోతుంది.

ఇది నిజమో కాదో తేల్చుకోవడానికి ఏదీ మార్చక్కర్లేదు. తెల్లగా మారిన బొమ్మల్లో ఫోల్డరుదో ఫోటోలదో ఒకటి తీసుకుని దాని టార్గెట్ చదవండి. డి:\ఫోటోలు అని ఉందనుకుందాం. ఇప్పుడు 'దిస్ పీసీ' తెరిచి ఇ డ్రైవులోకి వెళ్లండి. అక్కడ ఫోటోలు అనే ఫోల్డరు కనిపిస్తే నా లెక్క సరిపోయినట్టే. కనిపించకపోతే ఎఫ్ లో, జి లో చూడండి. పాత సి ఏదో గుర్తుపట్టడం తేలిక. లోపల విండోస్, యూజర్స్, ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డర్లు ఉంటాయి. ఒక కాగితం మీద 'పాత పేరు, ఇప్పటి పేరు' అని రెండు వరుసలు రాసుకోండి. మీకు ఇది రిజిస్టరు రాసినంత తేలిక.

మెసేజీల్లో కూడా తేడా ఉంది, గమనించండి. 'చేంజ్డ్ ఆర్ మూవ్డ్' అని చెప్పి డిలీట్ చేయనా అని అడిగితే, ఆ అక్షరంతో డ్రైవు ఉంది గానీ అందులో ఆ వస్తువు లేదని. 'డ్రైవ్ ఆర్ నెట్‌వర్క్ కనెక్షన్... అన్‌అవైలబుల్' అంటే అసలు ఆ అక్షరంతో డ్రైవే లేదని. మీకు వచ్చింది మొదటిది. అక్షరాలు జరిగిపోయి ఉంటాయన్న నా అనుమానానికి అదే బలం. 'నో' కొట్టి బయటికి రండి, ఎప్పుడైనా సరే.

కాగితం మీద లెక్క సరిపోయాక అక్షరాలు వెనక్కి మార్చుకోవచ్చు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే వరుసలో 'డిస్క్ మేనేజ్‌మెంట్' ఉంటుంది. అది తెరవగానే 'ఇనిషియలైజ్ డిస్క్' అని ఏదైనా అడిగితే క్యాన్సిల్ కొట్టండి. లోపల డ్రైవులన్నీ పెట్టెల్లా కనిపిస్తాయి. ఇక్కడ మనం ఒకే ఒక్క మాటను ముట్టుకుంటాం: 'చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్'. దాని పక్కనే 'ఫార్మాట్', 'డిలీట్ వాల్యూమ్' అని కూడా ఉంటాయి. చెయ్యి వణుకుతుందనుకుంటే మీ అబ్బాయినో, ఆ పక్కింటి కుర్రాణ్నో పక్కన కూర్చోబెట్టుకుని మీరు చదువుతూ ఉంటే వాళ్లచేత చేయించండి.

వరుస ముఖ్యం. డి అనే అక్షరం ఇప్పుడు పాత సి దగ్గర ఉంది కాబట్టి, ముందు దాన్ని ఖాళీ చేయించాలి. పాత సి మీద రైట్ క్లిక్ చేసి దాని అక్షరాన్ని దూరంగా ఉండే ఎక్స్‌గా మార్చండి. 'కొన్ని ప్రోగ్రాములు పనిచేయకపోవచ్చు' అన్న హెచ్చరిక వస్తుంది, 'ఎస్' అనండి. ఇప్పుడు డి ఖాళీ అయింది కదా, ఇ ని డి గా మార్చండి. ఆ తర్వాత ఎఫ్ ను ఇ గా మార్చండి. డివిడి డ్రైవు అడ్డొస్తే దాన్ని కూడా జెడ్ లాంటి అక్షరానికి పంపించేయండి. అసలు సి ని, అంటే కొత్త ఎస్‌ఎస్‌డీని మాత్రం తాకొద్దు. ఇవి చేసేముందు ఆ డ్రైవుల్లోని ఫైళ్లేవీ తెరిచి ఉండకూడదు.

పాత డిస్కులో 'సిస్టమ్ రిజర్వ్‌డ్' అని 100 ఎంబీయో 500 ఎంబీయో ఉన్న ఒక చిన్న ముక్క కనిపించవచ్చు. పనికిరానిదే కదా అని ఎవరైనా తీసేయమంటే తీసేయకండి. పాత డిస్కు తగిలించి ఉండగానే విండోస్ కొత్తగా ఎక్కిస్తే, కంప్యూటరు ఆన్ అవడానికి కావలసిన బూట్ ఫైళ్లను అది తరచూ ఆ చిన్న ముక్కలోనే పెడుతుంది. దాన్ని తీసేస్తే మర్నాడు పొద్దున కంప్యూటరే లేవకపోవచ్చు.

అక్షరాలు మార్చాక డెస్క్‌టాప్ మీదికి వచ్చి ఎఫ్5 నొక్కండి. ఫోల్డర్లు, ఫోటోలు, పాటల తాలూకు షార్ట్‌కట్లు వాటంతటవే ప్రాణం పోసుకుంటాయి. ఒక్కదాన్ని కూడా విడిగా బాగుచేయక్కర్లేదు. మీరు డిలీట్ చేసిన రెండింటికి కొత్తవి చేసుకోవచ్చు. ఫోటోల ఫోల్డరు మీద రైట్ క్లిక్, 'సెండ్ టు', అందులో 'డెస్క్‌టాప్ (క్రియేట్ షార్ట్‌కట్)'. అంతే. షార్ట్‌కట్ చక్కగా తెరుచుకుంటోంది గానీ బొమ్మ మాత్రం ఇంకా తెల్లగానే ఉందంటే అది పాత బొమ్మల జ్ఞాపకం, ఒకసారి రీస్టార్ట్ చేస్తే చాలామటుకు పోతుంది.

ఇంకా కొన్ని తెల్లగానే మిగులుతాయి. అవి ప్రోగ్రాములవి. వాటి టార్గెట్‌లో సి:\ప్రోగ్రామ్ ఫైల్స్ అని ఉంటుంది. వాటిని ఏ అక్షరం మార్చినా బాగుచేయలేం, ఎందుకంటే ఆ ప్రోగ్రాములు కొత్త విండోస్‌లో లేనే లేవు. పాత డిస్కులో వాటి ఫోల్డర్లు కనిపిస్తాయి, టార్గెట్ అటు తిప్పితే సరిపోతుందని అనిపిస్తుంది. చాలావరకు సరిపోదు. ప్రోగ్రాము ఎక్కించినప్పుడు అది విండోస్‌లో నాలుగు చోట్ల తన వివరాలు రాసుకుంటుంది, కొత్త విండోస్‌లో అవేవీ లేవు. మళ్లీ ఎక్కించాల్సిందే. ఎక్కిస్తే కొత్త షార్ట్‌కట్ దానంతటదే వస్తుంది, అప్పుడు పాత తెల్లబొమ్మను నిశ్చింతగా డిలీట్ చేయండి. కొత్తది డెస్క్‌టాప్ మీద కనిపించకపోతే స్టార్ట్ మెనూలో దాని పేరు పట్టుకుని డెస్క్‌టాప్ మీదికి లాగేయండి.

మీ వర్డ్ ఫైళ్లు కూడా తెల్లగా కనిపిస్తుంటే కంగారు పడొద్దు. ఫైలు బాగానే ఉంది, దాన్ని తెరిచే ఆఫీస్ లేదు. మెకానిక్కును అడిగి ఎక్కించుకోండి, లేదా డబ్బు పెట్టకుండా లిబ్రే ఆఫీస్ వేసుకోండి. మేష్టార్లు రాసుకునే ఉత్తరాలకు, లెక్కల పట్టీలకు అది చాలు. పాత తెలుగు ఫాంట్లతో టైపు చేసిన ఫైళ్లు ఉంటే, ఆ ఫాంట్లు కూడా మళ్లీ వేయించుకోవాలి. లేకపోతే తెరిచినా పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి, ఫైలు పాడైందని మళ్లీ ఎవరో ఒకరు అంటారు.

మూడో రకం ఒకటుంది. టార్గెట్‌లో సి:\యూజర్స్ అని, దాని తర్వాత మీ పాత పేరు ఉంటే, ఆ ఫైలు పాత విండోస్‌లోని డాక్యుమెంట్స్‌లోనో పిక్చర్స్‌లోనో ఉందన్నమాట. పాత సి కి మనం ఎక్స్ అని పేరు పెట్టాం కదా, అక్కడ యూజర్స్ ఫోల్డరులోకి వెళ్లండి. 'పర్మిషన్ లేదు' అని అడ్డు తగిలితే 'కంటిన్యూ' నొక్కండి. కొంచెంసేపు పచ్చగీత నడిచి తెరుచుకుంటుంది. అక్కడున్న సొంత ఫైళ్లను కొత్త డాక్యుమెంట్స్‌లోకి కాపీ చేసుకోండి. కాపీ అన్నాను, కట్ అనలేదు.

కొత్త విండోస్‌లో మీ పేరుతో ఉన్న ఫోల్డరు వింతగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో విండోస్ మొదలుపెడితే ఈమెయిల్‌లోని మొదటి 5 అక్షరాలనే ఫోల్డరు పేరుగా పెట్టేస్తుంది. పైగా అలాంటప్పుడు డెస్క్‌టాప్‌నే వన్‌డ్రైవ్‌లోకి మార్చేసే అవకాశం కూడా ఉంది. డెస్క్‌టాప్ మీద ఉన్న ఏదైనా ఫైలు ప్రాపర్టీస్‌లో 'లొకేషన్' చూడండి. మధ్యలో వన్‌డ్రైవ్ అన్న మాట కనిపిస్తే మీ డెస్క్‌టాప్ మైక్రోసాఫ్ట్ వారి సర్వర్లలోకి కూడా వెళుతోందని అర్థం. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. మనవరాలి ఫోటోలు తెచ్చి డెస్క్‌టాప్ మీద పోస్తే అది ఎంతోసేపు ఆగదు, నిండిపోయిందని రోజూ నస పెడుతుంది. ఫోటోలను డి లోనే ఉంచి, డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ మాత్రం పెట్టుకోండి.

టార్గెట్ చదవడం వచ్చింది కాబట్టి, పనిలో పనిగా క్రోమ్ షార్ట్‌కట్టును కూడా ఒకసారి చూడండి. అందులో సాధారణంగా క్రోమ్.ఈఎక్స్ఈ అన్న చోట కొటేషన్ గుర్తుతో ముగుస్తుంది. ఆ తర్వాత ఏదో వెబ్‌సైటు పేరు తగిలించి ఉంటే, క్రోమ్ తెరిచిన ప్రతిసారీ ఆ చెత్త సైటు రావడానికి కారణం అదే. ఆ తోక చెరిపేసి 'అప్లై' నొక్కండి.

ఇక పెన్ డ్రైవు. ఇందులో రెండు వేరువేరు విషయాలు కలిసిపోయాయి.

మొదటిది, షాపులో ఫైలు తెరుచుకోకపోవడం. మీరు పెన్ డ్రైవులోకి కాపీ చేసింది పెన్షన్ ఫైలును కాదు, దాని షార్ట్‌కట్టును. షాపు కంప్యూటరు పాపం ఆ చిరునామా చదివి తన డి డ్రైవులోనే వెతికింది. అక్కడ మీ పెన్షన్ కాగితాలు ఎందుకుంటాయి? ఈ పొరపాటు జిరాక్సు షాపులవాళ్లు రోజూ చూస్తూనే ఉంటారు. ఈసారి డెస్క్‌టాప్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' కొట్టండి. అసలు ఫైలు ఉన్న ఫోల్డరు తెరుచుకుంటుంది. అక్కడినుంచి కాపీ చేయండి. పెన్ డ్రైవులోకి వెళ్లాక సైజు చూడండి, ఒకటి రెండు కేబీలే ఉంటే మళ్లీ షార్ట్‌కట్టే వెళ్లిందన్నమాట.

రెండోది, ఇంటికి వచ్చాక ఫోల్డర్లకు బాణాలు మొలవడం. పక్కింటి కుర్రాడి మాట ఇక్కడ మాత్రం నిజం. ఇది వైరసే, ఆ షాపు కంప్యూటరులోంచి వచ్చి ఉంటుంది. నెట్ సెంటర్లలో, జిరాక్సు షాపుల్లో రోజుకు ఎన్ని పెన్ డ్రైవులు మారతాయో మీకు తెలుసు. ఇది చేసే పని ఏమిటంటే, మీ అసలు ఫోల్డర్లను దాచేసి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు పెడుతుంది. మీరు నొక్కితే ముందు వైరస్‌ను నడిపి, తర్వాత మీ ఫోల్డరును కూడా తెరిచి చూపిస్తుంది. అనుమానం రాకుండా. దాని టార్గెట్ చదివితే గుట్టు బయటపడుతుంది: ఫోల్డరు పేరు ఉండాల్సిన చోట సీఎండీ అనో, డబ్ల్యూస్క్రిప్ట్ అనో (ఇవి ఆదేశాలు నడిపే విండోస్ ప్రోగ్రాములు) ఉండి, పక్కన ఏదో అర్థం కాని పేరు ఉంటుంది.

షార్ట్‌కట్ల ద్వారా వచ్చే ప్రమాదం చిల్లర వైరస్‌లతోనే ఆగలేదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్ ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రం యంత్రాలను దెబ్బతీసింది. అది పెన్ డ్రైవుల్లోంచి పాకడానికి వాడుకున్న లోపాల్లో ఒకటి విండోస్ షార్ట్‌కట్లదే. నొక్కక్కర్లేదు, ఫోల్డరు తెరిచి ఆ బొమ్మ కనిపిస్తే చాలు, వైరస్ నడిచేది. మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది ఆగస్టులో దాన్ని పూడ్చింది. ఇప్పుడు మీకు అంటుకున్నది అంతటిది కాదు, దీనికి మీరు నొక్కితేనే పని.

కాబట్టి ఆ బాణాలున్న ఫోల్డర్లను నొక్కకండి. ఇప్పటికే నొక్కి ఉంటే ముందు కంప్యూటరును శుభ్రం చేయాలి. 'విండోస్ సెక్యూరిటీ'లో 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్' తెరిచి, 'స్కాన్ ఆప్షన్స్'లో డిఫెండర్ (విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్) ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటరు రీస్టార్ట్ అయి సుమారు 15 నిమిషాలు వెతుకుతుంది. తర్వాత పెన్ డ్రైవు పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేయండి. అప్పుడు ఫోల్డర్ ఆప్షన్స్‌లోని 'వ్యూ' ట్యాబులో 'షో హిడెన్ ఫైల్స్' ఎంచుకుని, దాని కిందే ఉన్న 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' దగ్గర టిక్కు తీసేయండి. మీ అసలు ఫోల్డర్లు లేతరంగులో కనిపిస్తాయి. ఒక్కోసారి పేరే లేని ఫోల్డరు ఒకటి ఉంటుంది, అన్నీ అందులోకి తోసేసి ఉంటాయి. లోపల ఉన్న ఫోటోలు, పీడీఎఫ్‌లు, వర్డ్ ఫైళ్లను మాత్రమే కంప్యూటరులో ఒక కొత్త ఫోల్డరులోకి కాపీ చేసుకోండి. షార్ట్‌కట్లను, మీరు పెట్టని వింతపేర్ల ఫైళ్లను తేవద్దు. అన్నీ వచ్చాయని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాక పెన్ డ్రైవును ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ అనే మాట పెన్ డ్రైవుకు మాత్రమే, అది కూడా దాని అక్షరం సరిగ్గా చూసుకున్నాకే. తీసేసిన టిక్కు మళ్లీ పెట్టేయండి.

డెస్క్‌టాప్ మీది తెల్లబొమ్మలకు మాత్రం వైరస్‌తో సంబంధం లేదనే నా అభిప్రాయం. బొమ్మలు పోతే వైరస్ అనుకోవడం సహజమే గానీ, ఒక్కోసారి కాపలా కాసేవాళ్ల చేతుల్లోనే ఈ పని జరుగుతుంది. 2023 జనవరి 13న మైక్రోసాఫ్ట్ తన డిఫెండర్‌కు పంపిన ఒక అప్‌డేట్‌లోని పొరపాటు వల్ల ఎన్నో ఆఫీసుల్లో స్టార్ట్ మెనూలోని, టాస్క్‌బార్‌లోని షార్ట్‌కట్లు ఒక్కసారిగా మాయమయ్యాయి. ప్రోగ్రాములన్నీ ఉన్నాయి, చిరునామాలే పోయాయి. మళ్లీ వాటిని తయారుచేసే స్క్రిప్టును మైక్రోసాఫ్టే ఇవ్వాల్సి వచ్చింది. విండోస్ 7 అయితే ఇంకా చిత్రం: డెస్క్‌టాప్ మీద పనిచేయని షార్ట్‌కట్లు నాలుగు దాటితే వారానికోసారి జరిగే శుభ్రంలో అది అడగకుండానే తీసేసేది. ఊడదీసిన పోర్టబుల్ హార్డ్ డిస్కు తాలూకు షార్ట్‌కట్లు కూడా దాని లెక్కలో పనిచేయనివే. మీ బంధువుల ఇళ్లలో ఇంకా విండోస్ 7 నడుస్తుంటే, బొమ్మలు మాయమవుతున్నాయని వాళ్లంటే, ఇదే కారణం కావచ్చు.

షార్ట్‌కట్లు బాగుచేస్తామంటూ నెట్‌లో దొరికే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు. పనిచేయని షార్ట్‌కట్లను అవి బాగుచేయవు, పట్టుకుని డిలీట్ చేస్తాయి. మీరు కంగారులో చేసిన పనినే అవి తీరిగ్గా చేస్తాయి. పైగా పనిలో పనిగా ఇంకో రెండు మూడు ప్రోగ్రాములు మీకు తెలియకుండా ఎక్కిస్తాయి.

పాత హార్డ్ డిస్కు గురించి ఒక మాట. దాన్ని లోపలే ఉంచడం మంచి పనే, కానీ మనవరాలి ఫోటోలు దానిలో ఒక్కచోటే ఉండటం నాకు నచ్చలేదు. పాత డిస్కు పోయేముందు చెప్పి పోదు. షార్ట్‌కట్లు సరయ్యాక ఫోటోల ఫోల్డరును ఒక పోర్టబుల్ డిస్కులోకి కూడా కాపీ చేసి బీరువాలో పెట్టండి. ఇంకోటి, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ కంప్యూటరుకు విండోస్ 11 పడుతుందో లేదో, పడకపోతే అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేయవచ్చో లేదో మెకానిక్కును అడగండి. ఈ ఉత్తరంలో అదంతా మొదలుపెడితే మీరు అసలు పని మరిచిపోతారు.

మెకానిక్కును తిట్టకండి. పాత డిస్కును చెరపకుండా ఉంచాడు, డెస్క్‌టాప్ తెచ్చి పెట్టాడు, అక్షరాల సంగతి ఒక్కటి చూసుకోలేదు. ఫార్మాట్‌కు డబ్బులివ్వక్కర్లేదు. అతన్ని పిలిచి ఆఫీస్, ప్రింటరు సాఫ్ట్‌వేరు, తెలుగు ఫాంట్లు ఎక్కించమనండి. డిస్క్ మేనేజ్‌మెంట్ పని మీకు మీరు చేయడం ఇష్టం లేకపోతే మీరు రాసిన 'పాత పేరు, ఇప్పటి పేరు' కాగితం అతని చేతికివ్వండి. చూడగానే అతనికి అర్థమవుతుంది, పది నిమిషాల పని. అతను వెళ్లేముందు మీరు ప్రతి బొమ్మా ఒకసారి నొక్కి చూసుకోండి. ఫోటోలు పాత డి లో గానీ ఇంకెక్కడా గానీ కనిపించకపోతే, ఆ షార్ట్‌కట్ల టార్గెట్‌లు నాలుగైదు రాసి మళ్లీ ఉత్తరం వేయండి, డ్రైవుల జాబితాతో సహా.